సైనస్ ఆపరేషన్ తర్వాత ముక్కులో స్టెరాయిడ్ మందు: స్ప్రే, కడుక్కోవడం, చుక్కలు ఎలా వాడాలి

ఆపరేషన్ అయిన మూడో నెలలో నేను స్ప్రే ఆపేశాను. రెండు వైపులా ఊపిరి హాయిగా ఆడుతోంది, తలనొప్పి లేదు, ఇంగువ పోపు వేస్తే వాసన హాల్లోకి కూడా తెలుస్తోంది. "బాగానే ఉన్నావు కదా, ఇంకా ఆ స్టెరాయిడ్ ఎందుకే" అని మా వదిన కూడా అంది. ఎనిమిది నెలలు గడిచాయి. ఒకరోజు పొయ్యి మీద పాలు అడుగంటి మాడిపోతుంటే పక్క గదిలోంచి మా అబ్బాయి పరుగెత్తుకొచ్చాడు. నేను ఆ గిన్నె పక్కనే నిలబడి బెండకాయలు తరుగుతున్నాను. నాకు వాసనే తెలియలేదు.

స్కోపీ చేసి, అంటే ముక్కులోకి సన్నని గొట్టం కెమెరా పెట్టి చూస్తే, ముక్కులో కండ (పాలిప్) మళ్ళీ మొలిచింది. అప్పుడు డాక్టరుగారు చెప్పిన మాట ఇది: "అమ్మా, ఆపరేషన్ మీ జబ్బును తీసెయ్యలేదు. మందు లోపలికి వెళ్ళడానికి దారి చేసింది. ఆ దారిలో రోజూ మందు పంపడం మీ చేతుల్లోనే ఉంది." ఈ మాట మొదటి ఆపరేషన్ రోజునే ఎవరైనా నాకు అర్థమయ్యేలా చెప్పి ఉంటే రెండో ఆపరేషన్ దాకా వచ్చేది కాదేమో. అందుకే తెలుసుకున్నదంతా వివరంగా రాస్తున్నాను. మందు పేరు, మోతాదు, ఎప్పుడు మొదలుపెట్టాలన్నది మాత్రం మీ ఈఎన్‌టీ డాక్టరే తేల్చాలి. ఎలా వాడాలన్నదే ఇక్కడి విషయం.

ఆపరేషన్ అయ్యాక కూడా మందు ఎందుకు

12 వారాలు దాటినా తగ్గని సైనసైటిస్‌ను, అంటే సైనస్‌ల వాపును, దీర్ఘకాలికం అంటారు. మన ముఖంలో నాలుగు జతల సైనస్‌లు ఉన్నాయి: బుగ్గల లోపల, రెండు కళ్ళ మధ్య తేనెపట్టులా, నుదుటి లోపల, బాగా వెనకాల తల మధ్యలో. వీటి లోపలి పొర నిరంతరం కఫం తయారుచేస్తుంది. పొర మీది సన్నని నూగు ఆ కఫాన్ని సైనస్ ద్వారం వైపు నెడుతూ ఉంటుంది. ద్వారం కొద్ది మిల్లీమీటర్ల వెడల్పే. చుట్టూ వాపు వస్తే అది మూసుకుపోతుంది, లోపల కఫం నిలవ ఉండి చెడుతుంది.

ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో వాల్టర్ మెసర్‌క్లింగర్ అనే వైద్యుడు సన్నని గొట్టం కెమెరాతో ఈ ప్రవాహాన్ని గమనించి ఒక సంగతి కనిపెట్టారు. సైనస్‌కు వేరేచోట కొత్త కన్నం పెట్టినా, కఫం దాన్ని దాటుకుని పుట్టుకతో ఉన్న ద్వారం వైపే పోతుంది. ఇప్పుడు చేసే ఎండోస్కోపిక్ ఆపరేషన్‌కు పునాది ఇదే. 1985లో అమెరికాలో డేవిడ్ కెనడీ దీనికి 'ఫంక్షనల్ ఎండోస్కోపిక్ సైనస్ సర్జరీ' అని పేరు పెట్టారు. మన ఆసుపత్రుల్లో 'ఫెస్' అనేది దాన్నే. సహజ ద్వారాన్ని వెడల్పు చేస్తారు, కండ ఉంటే తీస్తారు, తేనెపట్టు గదుల మధ్య గోడలు తొలగిస్తారు.

కానీ పొరలో వాపు పుట్టించే గుణం ఎక్కడికీ పోదు. అలర్జీ, ఆస్తమా, కండ పెరిగే తత్వం ఒంట్లోనే ఉంటాయి. ఆ వాపును అణచి ఉంచేది స్టెరాయిడ్. ఆపరేషన్‌కు ముందు స్ప్రే ఎంత కొట్టినా చాలా భాగం ముక్కు ముందు భాగంలోనే ఆగిపోయేది. ఇప్పుడు ద్వారాలు తెరుచుకున్నాయి కాబట్టి మందు అసలు పడాల్సిన చోట పడుతుంది. నేను మందు ఆపేసింది సరిగ్గా ఈ సమయంలోనే.

మొదటి రెండు వారాలు

ఈ రోజుల్లో స్టెరాయిడ్ కంటే ఉప్పునీళ్ళదే పెద్ద పని. ఆపరేషన్ మర్నాడో ఆ తర్వాతి రోజో సెలైన్ స్ప్రే మొదలుపెట్టిస్తారు. రోజుకు చాలాసార్లు కొట్టుకోవాలి. లోపల రక్తం, కఫం ఎండి గట్టి పక్కులు కడతాయి. వాటిని మెత్తబరచకపోతే మందు పక్కుల మీద పడుతుందే తప్ప పొర మీద పడదు. వేలితో గిల్లకండి. చీదకండి. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మండి. వారం పది రోజులకు డాక్టరు లోపల శుభ్రం చేస్తారు. కొంచెం బాధగానే ఉంటుంది, కానీ ఈ విజిట్ ఎగ్గొట్టొద్దు. పక్కులు అలాగే ఉంటే వాటి కింద పొరలు అతుక్కుపోయి, చేసిన దారి మళ్ళీ మూసుకుపోవచ్చు.

స్టెరాయిడ్ స్ప్రే గానీ, మందు కలిపి కడగడం గానీ సాధారణంగా ఈ శుభ్రం అయ్యాక మొదలవుతుంది. కొందరు డాక్టర్లు ఇంకా ముందే చెబుతారు. కండ ఎక్కువగా ఉన్నవాళ్ళకు కొద్దిరోజులు స్టెరాయిడ్ మాత్రలు కూడా ఇస్తారు. వాటిని చెప్పిన రోజులే వాడాలి, మిగిలాయని దాచుకుని తర్వాత మింగకూడదు.

నీళ్ళ సంగతి

ముక్కులోకి పోసే నీళ్ళు తాగే నీళ్ళంత శుభ్రంగా ఉంటే చాలనుకోవడం పెద్ద పొరపాటు. నెగ్లేరియా ఫౌలెరీ అనే అమీబా కడుపులోకి వెళ్తే ఏమీ చెయ్యదు, ముక్కులోంచి వెళ్తే మెదడుకు చేరి ప్రాణం తీస్తుంది. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీళ్ళతో ముక్కు కడుక్కున్న ఇద్దరు ఇలాగే చనిపోయారు. 2024లో కేరళలో పిల్లల ప్రాణాలు తీసిన 'మెదడు తినే అమీబా' కూడా ఇదే జాతి జబ్బు. చాలా అరుదు, నిజమే. కానీ నీళ్ళు మరగబెడితే ఆ భయమే ఉండదు.

కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు, ఆర్వో నీళ్ళు, 20 లీటర్ల మినరల్ వాటర్ డబ్బా నీళ్ళు, ఏవైనా సరే, తెర్లుతుండగా మూడు నాలుగు నిమిషాలు మరగనిచ్చి, మూతపెట్టి చల్లార్చి వాడండి. నేను పొద్దున్నే కాఫీకి పాలు పెట్టేటప్పుడే పక్క పొయ్యి మీద చిన్న స్టీలు గిన్నెలో ఈ నీళ్ళు పెట్టేస్తాను. రాత్రికి కూడా సరిపోతాయి. మర్నాటికి మాత్రం మళ్ళీ కొత్తవే.

ఉప్పు విషయంలో మెడికల్ షాపులో దొరికే రెడీమేడ్ పొట్లాలు అన్నిటికంటే సులువు. ఇంట్లో కలుపుకోవాలంటే అయోడిన్ కలపని శుభ్రమైన ఉప్పు మూడు చెంచాలు, వంట సోడా ఒక చెంచా కలిపి పొడి సీసాలో పెట్టుకుని, 240 మి.లీ. గోరువెచ్చని నీళ్ళకు ఆ మిశ్రమం ఒక టీ చెంచా వేసుకోవచ్చు. బేకింగ్ పౌడర్ వేరు, అది వాడకూడదు. మండితే ఉప్పు కొంచెం తగ్గించండి. ఉప్పు లేని ఉత్త నీళ్ళు ఇంకా ఎక్కువ మండుతాయి.

స్ప్రే కొట్టుకునే పద్ధతి

ఇన్నేళ్ళూ నేను తప్పుగా కొట్టుకున్నాను. తల పైకెత్తి, గొట్టాన్ని ముక్కు మధ్యలోకి గుచ్చి, గట్టిగా పీల్చేదాన్ని. గొంతులో చేదు తగిలితే మందు బాగా వెళ్ళిందనుకునేదాన్ని. చేదు తగిలిందంటే మందు ముక్కును వదిలి గొంతులోకి జారిపోయిందని అర్థం.

ముందు ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కోండి. పది పదిహేను నిమిషాలు ఆగండి, లేకపోతే మిగిలిన నీళ్ళతో పాటు మందూ కారిపోతుంది. సీసా బాగా కుదపండి. కొత్త సీసా అయితే, లేదా చాలా రోజులు వాడకుండా పక్కన పెట్టినదైతే, సన్నని పొగలా వచ్చేదాకా గాల్లో కొన్నిసార్లు నొక్కండి. తర్వాత తల కొంచెం ముందుకు వంచి మీ కాలివేళ్ళ వైపు చూడండి.

ఇప్పుడు అసలు కిటుకు. ఎడమ ముక్కుకు కుడి చేతితో, కుడి ముక్కుకు ఎడమ చేతితో కొట్టుకోవాలి. అలా చేస్తే గొట్టం తనంతట తానే బయటివైపు, అంటే ఆ పక్క కంటి చివర వైపు తిరుగుతుంది. ఏ వైపు ముక్కుకు ఆ వైపు చేత్తోనే కొడితే మందు మధ్యనున్న ముక్కు దూలానికి తగులుతుంది. రోజూ అక్కడే తగిలితే దూలం పొర ఎండి, పుండై, రక్తం కారుతుంది. అరుదుగా దూలానికి కన్నం కూడా పడవచ్చు. గొట్టం కొనను కొద్దిగా లోపలికి పెట్టి, మామూలుగా గాలి పీలుస్తూ నొక్కండి. పూల వాసన చూసేటంత మెల్లగా పీలిస్తే చాలు. రెండో స్ప్రేకు కోణం కొద్దిగా మార్చండి. తర్వాత పది నిమిషాలు చీదకండి. గొట్టం కొనను శుభ్రమైన గుడ్డతో తుడిచి మూత పెట్టండి.

మొమెటాసోన్, ఫ్లూటికాసోన్ ప్రొపియోనేట్ స్ప్రేలలో ఒక్కో స్ప్రేకు 50 మైక్రోగ్రాముల మందు ఉంటుంది. పెద్దవాళ్ళకు మామూలుగా ఒక్కో వైపు రెండేసి, రోజుకోసారి, అంటే 200 మైక్రోగ్రాములు. కండ ఉన్నవాళ్ళకు మొమెటాసోన్ ఒక్కో వైపు రెండేసి చొప్పున రెండు పూటలా రాస్తారు. సీసా మీద ఎన్ని స్ప్రేలో రాసి ఉంటుంది. 120 స్ప్రేల సీసా రోజుకు నాలుగు చొప్పున సరిగ్గా 30 రోజులు వస్తుంది. లెక్క అయిపోయాక అడుగున కొంచెం మందు కనిపించినా మోతాదు సరిగా రాదు. మొదలుపెట్టిన తేదీ సీసా మీద స్కెచ్ పెన్‌తో రాసుకోండి.

ఇంకొక్క ముఖ్యమైన మాట. జలుబు చేస్తే షాపువాళ్ళు ఇచ్చే ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్ చుక్కలు ఇవి కావు. అవి నిమిషాల్లో ముక్కు తెరుస్తాయి, కానీ నాలుగైదు రోజులు మించి వాడితే ముక్కు ఇంకా ఎక్కువ దిబ్బడేస్తుంది. స్టెరాయిడ్ స్ప్రే దానికి పూర్తిగా వ్యతిరేకం: కొట్టుకున్న వెంటనే ఏమీ తెలియదు, రోజులు, వారాలు గడిచేకొద్దీ పనిచేస్తుంది. "కొట్టుకున్నా ఏమీ తేడా లేదు" అని వారానికే పడేసేవాళ్ళు చాలామంది ఈ తేడా తెలియకే పడేస్తారు.

బుడెసొనైడ్ కలిపి కడుక్కోవడం

ఆపరేషన్ తర్వాత, ముఖ్యంగా కండ తీసినవాళ్ళకు, చాలామంది డాక్టర్లు ఇప్పుడు ఈ పద్ధతి రాస్తున్నారు. ఆస్తమాకు నెబ్యులైజర్‌లో వేసే బుడెసొనైడ్ చిన్న ప్లాస్టిక్ గొట్టాలు ఉంటాయి కదా, 2 మి.లీ.లో 0.5 మి.గ్రా. లేదా 1 మి.గ్రా. మందు, అదే ఇది. నిజానికి ఆ మందు ముక్కు కడగడానికని తయారుచేసింది కాదు. డాక్టర్లు అనుభవంతో, పరిశోధనలతో ఈ వాడకానికి తెచ్చారు. అందుకే చీటీలో రాసిన మందు చూసి షాపతను "ఇది ఆయాసానిది కదమ్మా" అంటే కంగారు పడకండి.

పిండే సీసాలో 240 మి.లీ. మరగబెట్టి చల్లార్చిన గోరువెచ్చని నీళ్ళు పోసి, ఉప్పు పొట్లం వేసి కరిగించండి. మందు గొట్టాన్ని కాస్త కుదిపి, మొన తిప్పి విరిచి, మొత్తం సీసాలోకి పిండండి. మందు అడుగున పేరుకుంటుంది కాబట్టి సీసాను గుండ్రంగా తిప్పి కలపండి. బేసిన్ మీద బాగా వంగి, నోరు తెరిచి, "ఖ... ఖ..." అంటూ మెల్లగా పిండండి. అలా అంటే నీళ్ళు గొంతులోకి పోవు. సగం ఒక వైపు, సగం ఇంకో వైపు. గట్టిగా పిండితే చెవులు దిమ్మెక్కుతాయి. నీళ్ళు రెండో ముక్కులోంచో నోట్లోంచో వస్తాయి. ఊసేయండి, మింగకండి. అయ్యాక నోరు పుక్కిలించండి. చీదేటప్పుడు ముక్కు మూసి చీదకుండా, రెండు వైపులా వదిలి మెల్లగా చీదండి. అప్పటికి డాక్టరు చీదవచ్చని చెప్పి ఉండాలి.

నుదుటి సైనస్ తెరిచినవాళ్ళు తల స్థానం గురించి డాక్టర్ని అడగండి. బేసిన్ మీద వంగితే బుగ్గలకూ, కళ్ళ మధ్య గదులకూ నీళ్ళు బాగా చేరతాయి గానీ నుదుటిలోకి ఎక్కడం కష్టం. బాత్రూంలో పీట మీద కూర్చుని, నడినెత్తి నేలను చూసేటంతగా తల కిందికి వాల్చి కడిగితే అక్కడికీ చేరుతుంది. నాకు మొదటి రోజు తల తిరిగినట్టయింది. నాలుగైదు రోజులకు అలవాటైంది. మెడ నొప్పి, కళ్ళు తిరగడం ఉన్నవాళ్ళు ఈ విన్యాసాలు మానేసి మామూలుగా కడుక్కుంటేనే మంచిది.

పడుకోబోయే ముందు కడగవద్దు. గంట తర్వాత కూడా సైనస్‌లలో దాక్కున్న నీళ్ళు వంగగానే గుప్పున కారతాయి. నాకు ఒకసారి పెళ్ళిలో తాంబూలం అందుకోవడానికి వంగితే పట్టుచీర మీద పడ్డాయి. ఇప్పుడు బయలుదేరడానికి గంట ముందే కడిగి, రెండుమూడుసార్లు వంగి, పక్కలకు తల వాల్చి ఖాళీ చేసుకుంటాను.

సీసాను ప్రతిసారీ సబ్బుతో, మరగబెట్టిన నీళ్ళతో కడిగి, బోర్లించి ఆరబెట్టండి. మూడు నెలలకోసారి మార్చండి. మళ్ళీ మళ్ళీ ఇన్ఫెక్షన్ వస్తుంటే ముందు ఆ సీసా లోపలి గొట్టం చూడండి, నల్లగా, జిగటగా ఉందేమో.

చుక్కలు

వాసన తిరిగి రానివాళ్ళకు, పైభాగంలో వాపు మిగిలినవాళ్ళకు స్టెరాయిడ్ చుక్కలు రాస్తారు. మంచం మీద వెల్లకిలా పడుకుని, తల మంచం అంచు నుంచి కిందికి వేలాడేలా పెట్టి, ముక్కు రంధ్రాలు పైకప్పును చూస్తుండగా వెయ్యాలి. వేశాక రెండు మూడు నిమిషాలు అలాగే ఉండాలి. భుజాల కింద దిండు పెట్టుకుంటే మెడకు సుఖం. బెటామెథాసోన్ చుక్కలు రక్తంలోకి ఎక్కువగా చేరతాయి కాబట్టి వాటిని డాక్టరు చెప్పిన కొద్దిరోజులే వాడాలి.

"స్టెరాయిడ్ అంటే భయం"

నాకూ ఉండేది. ఇంట్లో ఎవరో ఒకరు "ఎముకలు గుల్లవుతాయి, షుగరొస్తుంది" అంటూనే ఉంటారు. ఆ మాటలు ఎక్కువకాలం మాత్రలు మింగేవాళ్ళకు నిజం. ముక్కు మందు సంగతి వేరు. 40 మి.గ్రా. స్టెరాయిడ్ మాత్ర అంటే 40,000 మైక్రోగ్రాములు రక్తంలోకి వెళ్ళడం. రోజు స్ప్రే మొత్తం 200 మైక్రోగ్రాములు, అందులోనూ మొమెటాసోన్, ఫ్లూటికాసోన్ లాంటివి రక్తంలోకి చేరేది చాలా చాలా తక్కువ. బరువు ఒక్కటే చూసి మందుల బలాన్ని పోల్చలేం గానీ, రెండూ ఒక గాటన కట్టలేమని తెలియడానికి ఈ లెక్క చాలు. కడుక్కునే మందులో కూడా చాలా భాగం నీళ్ళతో బయటికి వచ్చేస్తుంది. తరచుగా కనిపించే ఇబ్బందల్లా ముక్కు ఎండడం, కొంచెం రక్తపు చారలు. అలా అయితే రెండు రోజులు ఆపి, స్ప్రే కోణం సరిచూసుకుని, డాక్టరుకు చెప్పండి.

జాగ్రత్త పడాల్సినవాళ్ళు నిజంగా ఉన్నారు. కొన్ని మందులు స్టెరాయిడ్‌ను ఒంట్లో విరగ్గొట్టే ప్రక్రియనే ఆపేస్తాయి. అప్పుడు ముక్కులో వేసిన కొద్దిపాటి మందు కూడా రక్తంలో పేరుకుంటుంది. హెచ్ఐవీకి వాడే రిటోనవిర్, కోబిసిస్టాట్, ఫంగస్‌కు వాడే ఇట్రాకొనజోల్ అలాంటివి. ఫంగల్ సైనసైటిస్ ఉన్నవాళ్ళకు ఇట్రాకొనజోల్ రాయడం మామూలే కాబట్టి ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. వాడే ప్రతి మందు చీటీ డాక్టరు ముందు పెట్టండి. గ్లాకోమా, శుక్లాలు ఉన్నవాళ్ళు ఏడాదికోసారి కళ్ళు చూపించుకోవాలి. గర్భవతులు, పాలిచ్చే తల్లులు సొంతంగా ఆపకుండా, సొంతంగా కొనసాగించకుండా అడిగి చెయ్యాలి. పిల్లలకు వాడుతుంటే ఎత్తు చూస్తూ ఉండాలి. ఆస్తమాకు ఇన్‌హేలర్ వాడేవాళ్ళు అందులోనూ స్టెరాయిడ్ ఉంటుంది కాబట్టి ఆ మోతాదు కూడా చెప్పాలి.

వెంటనే ఆసుపత్రికి వెళ్ళాల్సినవి

చూపు మసకబారినా, ఒకటి రెండుగా కనిపించినా, కంటి చుట్టూ వాచినా ఆలస్యం చెయ్యొద్దు. వంగినప్పుడు ఒకే ముక్కులోంచి నీళ్ళలా తేటగా, ఉప్పగా కారుతూ రోజుల తరబడి ఆగకపోతే అది కడిగిన నీళ్ళు కాకపోవచ్చు, మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు. ఆగని రక్తం, జ్వరంతో పాటు భరించలేని తలనొప్పి, మెడ బిగుసుకోవడం, ఇవి కూడా అంతే.

ఎన్నాళ్ళు

అందరికీ ఒకే జవాబు లేదు. కండ లేకుండా, అలర్జీ లేకుండా, ద్వారం ఇరుకు వల్ల మాత్రమే బాధపడినవాళ్ళకు కొన్ని నెలల తర్వాత తగ్గించి చూస్తారు. కండ ఉన్నవాళ్ళు, ఆస్తమా ఉన్నవాళ్ళు, ఆస్పిరిన్ లాంటి నొప్పి మాత్రలు పడనివాళ్ళు, ఫంగస్ పడక వచ్చే అలర్జిక్ ఫంగల్ సైనసైటిస్ ఉన్నవాళ్ళు ఏళ్ళ తరబడి వాడాల్సి రావచ్చు. బీపీ మాత్రలాగే అనుకోండి. మూడు నెలలకు స్కోపీలో చూసి, ఆ తర్వాత ఆరు నెలలకోసారైనా చూపించుకోవాలి. ముక్కు బాగుందనిపించినా లోపల వాపు మొదలై ఉండవచ్చు, మనకు తెలియక ముందే స్కోపీకి తెలుస్తుంది. ఇవన్నీ సరిగా వాడినా కండ తిరిగొస్తుంటే డుపిలుమాబ్ లాంటి ఇంజెక్షన్లు ఇప్పుడు ఉన్నాయి. ఖరీదెక్కువ. అవి మొదలుపెట్టే ముందు డాక్టరు అడిగే మొదటి ప్రశ్న, స్ప్రే సరిగా, రోజూ కొట్టుకున్నారా అన్నదే.

నేను ఇంట్లో ఒక చిన్న పరీక్ష పెట్టుకున్నాను. ప్రతి ఆదివారం పొద్దున కళ్ళు మూసుకుని కాఫీపొడి, ఇంగువ, నిమ్మతొక్క ఒక్కొక్కటీ ఒక్కో ముక్కుతో వాసన చూసి, క్యాలెండర్ గడిలో టిక్కు పెడతాను. మొన్న రెండు ఆదివారాలు వరసగా ఎడమ వైపు ఇంగువ సరిగా తెలియలేదు. మూడో వారం దాకా ఆగకుండా అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. కొద్దిగా వాపు మొదలైందట. రోజుకోసారి కడిగేదాన్ని రెండుసార్లు చెయ్యమన్నారు. పోయిన ఆదివారం ఎడమ గడిలో మళ్ళీ టిక్కు పడింది.